ప్వారో విదేశీ కేసుల్లో ముందు ఏది చదవాలి? పక్కన ఎవరున్నారో చూసి తేల్చుకోండి

అగాథా క్రిస్టీని మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ముందా, నైల్ ముందా?" రెండూ ఆవిడ డిటెక్టివ్ హెర్క్యూల్ ప్వారో కథలే, సినిమాలుగానూ వచ్చాయి కాబట్టి ఆ రెండు పేర్లే అందరికీ తెలుసు. ఒకదాంట్లో మంచులో ఇరుక్కున్న రైలు, ఇంకోదాంట్లో ఎండలో మెరిసే నది. ఏ చోటు చూడాలనిపిస్తే ఆ పుస్తకం తీసుకోవడమే కదా అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే ఎంచుకున్నాను. జోర్డాన్‌లోని పెట్రా ఫోటోలు చూసి మురిసిపోయి, అక్కడ హత్య జరిగే పుస్తకం ఒకటి అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. సగం చదివి పక్కన పడేశాను. మళ్లీ రెండేళ్లకు గానీ దాని జోలికి పోలేదు.

ఎందుకు నచ్చలేదా అని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఆ పుస్తకంలో డిటెక్టివ్‌కి తోడు ఎవరూ లేరు.

బుర్రకథ చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఎంత గొప్పవాడైనా వంతలు "తందాన తాన" అనకపోతే, మధ్యలో అడ్డం తగిలి "అదెలాగయ్యా?" అని అడగకపోతే కథ నడవదు. డిటెక్టివ్ నవలా అంతే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ పక్కన రాజు లేడనుకోండి, యుగంధర్ బుర్రలో ఏముందో మనకెవరు చెప్తారు? హెర్క్యూల్ ప్వారో విషయంలో ఇంకో చిక్కుంది. ఆయన తన ఆలోచన చివరి అధ్యాయం దాకా ఎవరికీ చెప్పడు. కాబట్టి మనం ఆ మూడొందల పేజీలూ గడపాల్సింది ఆయన పక్కనున్న మనిషితోనే. ఆ మనిషి మనకి పడితే పుస్తకం పడుతుంది.

అందుకే ఈ పోలిక ఊళ్లను బట్టి కాకుండా తోడును బట్టి చేస్తున్నాను. హంతకులెవరో మాత్రం చెప్పను. నిశ్చింతగా చదవండి.

పేరు గురించి ఒక్క మాట. స్కూలు రోజుల్లో నేను ఇంగ్లిష్ అక్షరాలు చూసి "పొయిరాట్" అని చదివేవాణ్ణి. ఏళ్ల తర్వాత టీవీలో "ప్వారో" అంటుంటే, ఈయనెవరో కొత్తాయన అనుకున్నాను. మనిషి బెల్జియం వాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌కి శరణార్థిగా వచ్చిన మాజీ పోలీసు అధికారి. 1920లో వచ్చిన మొదటి నవలలోనే ఆయన పరాయి దేశంలో కేసు పట్టుకున్నట్టు లెక్క. ఆ మాటకొస్తే ఆయనకి ఇంగ్లండే విదేశం! అయితే అందరూ విదేశీ కేసులు అనేది ఆయన ఇంగ్లండ్ దాటి వెళ్లినవాటిని. ఫ్రాన్స్, యుగోస్లావియా, ఇరాక్, ఈజిప్ట్, జోర్డాన్. ఇక్కడ నేను చెప్పేవీ అవే.

నవ్వుకోవాలనుంటే: హేస్టింగ్స్

ప్వారో అనగానే ఆయన వెంట తిరిగే స్నేహితుడు కెప్టెన్ హేస్టింగ్స్ గుర్తొస్తాడు గానీ, ఆయన ఉన్న నవలలు ఎనిమిదే. ప్వారో నవలలు మొత్తం 33. అంటే పావు వంతు కూడా కాదు. ఇక ప్రధానంగా విదేశంలో నడిచే నవల, అందులోనూ హేస్టింగ్స్ ఉన్నది కావాలంటే ఒక్కటే చేతికొస్తుంది: 1923లో వచ్చిన "మర్డర్ ఆన్ ది లింక్స్". లింక్స్ అంటే సముద్రతీరపు గోల్ఫ్ మైదానం. "ది బిగ్ ఫోర్" (1927) లోనూ వీళ్లిద్దరూ దేశాలు తిరుగుతారు. కానీ అది చిన్న కథలు అతికించి చేసిన గూఢచారి సాహసం. ప్వారో మీద ప్రేమ బాగా ముదిరాక చదవాల్సింది, మొదట్లో కాదు.

"లింక్స్" కథ ఫ్రాన్స్ ఉత్తర తీరంలో, మెర్లిన్‌విల్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. దక్షిణ అమెరికాలో డబ్బు గడించి వచ్చిన రెనో అనే ధనవంతుడు "నా ప్రాణానికి ముప్పుంది, వెంటనే రండి" అని ప్వారోకి ఉత్తరం రాస్తాడు. వీళ్లు గుమ్మం దాకా వెళ్లేసరికి ఆయన చనిపోయి ఉంటాడు. కడుతున్న గోల్ఫ్ మైదానంలో, తవ్వి ఉంచిన గోతిలో శవం. ఒంటి మీద తన కొలతకి మించిన పొడుగు కోటు. దగ్గరలో ఒక సీసపు గొట్టం ముక్క.

అక్కడికి పారిస్ నుంచి జిరో అనే డిటెక్టివ్ వస్తాడు. నేల మీద పాకుతూ అగ్గిపుల్లలూ సిగరెట్ ముక్కలూ ఏరుకునే రకం. ప్వారో అతన్ని వేటకుక్కతో పోలుస్తాడు. ఆ సీసపు గొట్టం జిరోకి చెత్త. ప్వారోకి మాత్రం అదే అసలు ప్రశ్న. ఇద్దరూ 500 ఫ్రాంకుల పందెం కూడా కాస్తారు. ఈ కీచులాట పుస్తకంలో సగం సరదా.

మిగతా సగం హేస్టింగ్స్. ఈయనకి తన తెలివి మీద ఉన్న నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది. రైల్లో పరిచయమైన ఒక అమ్మాయి సరదాగా అడిగిందని, పోలీసుల కాపలాలో ఉన్న షెడ్డు దాకా తీసుకెళ్లి హత్య జరిగిన కత్తితో సహా అన్నీ చూపిస్తాడు. తర్వాత చూస్తే కత్తి మాయం! మన ఇళ్లలో ఇలాంటి బాబాయి ఒకరు తప్పకుండా ఉంటారు. మంచివాడు, నమ్మకస్తుడు, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటి తాళాలు అడిగితే ఇచ్చేస్తాడు. కథ చెప్పేది హేస్టింగ్సే కాబట్టి, ఆయన ఎక్కడ బోల్తా పడ్డాడో మనం కూడా సరిగ్గా అక్కడే పడతాం.

లోపం లేకపోలేదు. చివరి వంద పేజీల్లో మలుపు మీద మలుపు, మలుపు మీద మలుపు. పాత కేసు ఒకటి వచ్చి కలుస్తుంది. పేర్లు కాగితం మీద రాసుకోకపోతే నాలాగే తికమక పడతారు. రచయిత్రికి అది మూడో నవల, తెలిసినవన్నీ ఒకేసారి వాడేయాలన్న ఉత్సాహం కనిపిస్తుంది.

ఇంత పెద్దది వద్దు, ఇద్దరినీ కలిపి రుచి చూస్తే చాలంటారా? అయితే "ది అడ్వెంచర్ ఆఫ్ ది ఈజిప్షియన్ టూమ్" అనే చిన్న కథ ఉంది. 1924 నాటి "ప్వారో ఇన్వెస్టిగేట్స్" సంపుటిలో దొరుకుతుంది. 1922లో ఈజిప్ట్ రాజు టుటన్‌ఖామున్ సమాధి బయటపడటం, మరుసటి ఏడు ఆ తవ్వకాలకి డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ చనిపోవడం, "ఫారో శాపం" అని పత్రికలు హోరెత్తించడం, ఆ వేడిలో రాసిన కథ ఇది. సమాధి తవ్వినవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటారు. ప్వారో, హేస్టింగ్స్ ఈజిప్ట్ వెళ్తారు. ఓడలో ప్వారోకి కడుపులో తిప్పు, ఎడారిలో బూట్ల మీద ఇసుక, ఒంటె ఎక్కితే దేవుళ్లందరినీ పిలుస్తూ కేకలు. చివరికి దిగి ఒక చిన్న గాడిద మీద వెళ్తాడు. అరగంటలో అయిపోతుంది. ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు లేనివాళ్లకి నేను మొదట ఇచ్చేది ఇదే.

మెదడుకి పని కావాలంటే: బూక్, కాన్‌స్టంటైన్

1934 నాటి "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" గురించి జనం ముగింపే మాట్లాడతారు. నాకైతే ఆ ఇద్దరు తోడు మనుషులంటేనే ఇష్టం. సిరియాలో ఏదో పని ముగించుకుని ప్వారో అలెప్పోలో రైలెక్కుతాడు. ఇస్తాంబుల్‌లో నాలుగు రోజులు ఉందామనుకుంటే టెలిగ్రాం వస్తుంది, వెంటనే లండన్ బయలుదేరాలి. చలికాలం, జనం ఉండని సీజన్. అయినా ఫస్ట్ క్లాస్ బెర్తులన్నీ నిండిపోయి ఉంటాయి. రైల్వే కంపెనీ డైరెక్టర్ బూక్ పాత స్నేహితుడు కాబట్టి ఎలాగో సర్ది ఎక్కిస్తాడు. మన రైళ్లలో తెలిసిన పెద్దమనిషి ఉంటే బెర్త్ దొరికినట్టే.

యుగోస్లావియాలో వింకోవ్సి, బ్రాడ్ స్టేషన్ల మధ్య రైలు మంచులో కూరుకుపోతుంది. తెల్లారేసరికి ఒక ప్రయాణికుడు రైల్లో తన గదిలో శవమై ఉంటాడు. 12 కత్తిపోట్లు. పోలీసుల్లేరు, టెలిగ్రాఫ్ లేదు, ఎవరి మాట నిజమో బయట కనుక్కునే దారి లేదు. ఉన్నదల్లా భోజనాల పెట్టె, ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి అడగడం. పక్కన బూక్, ఒక పక్క గ్రీకు డాక్టర్ కాన్‌స్టంటైన్.

బూక్ ఏం చేస్తాడంటే, ఎవరు వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లినా "వీడే!" అంటాడు. అందరికన్నా ముందు ఆ ఇటలీ ఆయన మీద పడతాడు. ఎందుకయ్యా అంటే, కత్తితో పొడిచేది ఆ జాతివాళ్లేనట! డాక్టర్ గాయాల గురించి చెప్పిన లెక్కలు ఒకదానికొకటి పొసగవు. ప్వారో ఇద్దరినీ కసరడు, నవ్వడు, ప్రశ్నల జాబితా రాసి చేతికిచ్చి "మీరూ ఆలోచించండి" అంటాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఒకరి ఆలోచన ఎక్కడికో పోతుంది, అది చదివితే నవ్వాగదు. అక్కడ ఖాళీగా ఉన్న మూడో కుర్చీ మనది. ఆధారాలన్నీ మన ముందు కూడా పెట్టేశారు.

ఇది ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. పుస్తకంలో మధ్య భాగమంతా వరసగా విచారణలే. ఒకరు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. కోర్టు వాయిదాల్లా ఉంటుంది. పరుగులు, ఛేజింగులు కావాలనుకునేవాళ్లు మధ్యలో నిద్రపోతారు. లెక్కల పుస్తకంలో జవాబు చూడకుండా లెక్క చేసే ఓపికున్నవాళ్లకి మాత్రం దీన్ని మించింది లేదు. ముగింపు ఎవరైనా చెప్పేసి ఉంటే మాత్రం దీనికి తొందరపడకండి, నైల్ దగ్గరికి వెళ్లండి. ముగింపు తెలిశాక ఈ పుస్తకం ఇంకో రకంగా బాగుంటుంది గానీ మొదటి పుస్తకంగా కాదు.

రాసినావిడకి ఆ రైలు బాగా తెలుసు. 1928లో ఒంటరిగా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బాగ్దాద్ దాకా వెళ్లింది. 1931 డిసెంబర్‌లో తిరిగి వస్తుంటే వరదకి పట్టాలు పాడై రైలు దారిలో నిలిచిపోయింది. అంతకు రెండేళ్ల ముందు, 1929లో, ఇదే రైలు టర్కీలో మంచులో రోజుల తరబడి చిక్కుకుంది. కథలో వెనకనున్న పాత నేరానికి 1932లో అమెరికాలో ఒక ప్రసిద్ధ విమానయానికుడి బిడ్డ అపహరణ ఆధారం. నాలుగు నిజాలు కలిపి కుట్టిన దుప్పటి అది.

మనుషుల గొడవ కావాలంటే: కల్నల్ రేస్, జాక్వెలిన్

"డెత్ ఆన్ ది నైల్" 1937లో వచ్చింది. మొదటిసారి చదివేవాళ్లకి ఒక టెన్షన్ ఉంటుంది: హత్య ఎప్పుడు జరుగుతుంది? సగం పుస్తకం అయ్యేదాకా జరగదు. అప్పటిదాకా పెళ్లి, పగ, అసూయ. లిన్నెట్ అనే బాగా డబ్బున్న అమ్మాయి, తన స్నేహితురాలు జాక్వెలిన్‌కి కాబోయే భర్త సైమన్‌ని పెళ్లి చేసుకుంటుంది. హనీమూన్‌కి ఈజిప్ట్ వస్తారు. వాళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడ జాక్వెలిన్ ప్రత్యక్షం. ఏమీ అనదు, ఎదురుగా కూర్చుంటుంది, అంతే.

ఇక్కడ తోడు ఇద్దరు. ఒకరు అధికారికం: కల్నల్ రేస్. బ్రిటిష్ గూఢచారి శాఖ మనిషి, అల్లర్లు రేపే ఒక హంతకుడి కోసం వెతుకుతూ ఓడెక్కుతాడు. బుర్రకథలో రాజకీయ వంత అంటే అచ్చం ఈయనే. తక్కువ మాట్లాడతాడు, ప్వారో చెప్పింది వెంటనే పట్టుకుంటాడు, హేస్టింగ్స్‌లా తప్పటడుగు వేయడు. అందుకే ఆయన ఉన్న చోట నవ్వు తక్కువ, పని ఎక్కువ.

రెండో మనిషి జాక్వెలినే అంటాను నేను. అస్వాన్‌లో రాత్రి తోటలో ప్వారో ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని మాట్లాడే ఘట్టం ఉంది. పోయింది పోయింది, వదిలెయ్యమ్మా, చెడుకి మనసులో చోటివ్వకు అని బతిమాలతాడు. మిగతా పుస్తకాల్లో ఆయన మేధావి. ఇక్కడ ఇంటి పెద్ద. ఆ నాలుగు పేజీల కోసమే నేను దీన్ని మూడుసార్లు చదివాను. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ తెలివికి దండం పెడతాను, కానీ నన్నడిగితే వీటిల్లో పెద్ద పుస్తకం నైల్. ఎత్తు బయటపడ్డాక కూడా దాంట్లో మనుషులు మిగులుతారు.

ఓపిక లేనివాళ్లకి ఇబ్బంది మొదటి అధ్యాయాలే. ఇంగ్లండ్‌లో మొదలై ఒక్కొక్కరూ ఎందుకు ఈజిప్ట్ బయలుదేరారో చెప్తూ పోతుంది. పాత్రలు చాలామంది. ఒక కాగితం దగ్గర పెట్టుకోండి.

ఈ పుస్తకం చదివి నైల్ యాత్రకి వెళ్దామనుకునేవాళ్లకి ఒక సంగతి. అస్వాన్‌లో ఓల్డ్ కాటరాక్ట్ హోటల్ ఇప్పటికీ ఉంది. కానీ ఓడ "కర్ణక్" వెళ్లిన దారి ఇప్పుడు లేదు. పుస్తకంలో వాళ్లు మొదటి జలపాతం పైనుంచి సుడాన్‌లోని వాడీ హల్ఫా దాకా వెళ్తారు. 1960లలో అస్వాన్ పెద్ద ఆనకట్ట కట్టాక ఆ లోయంతా నాసర్ జలాశయం అయిపోయింది. పాత వాడీ హల్ఫా మునిగిపోయింది. కథలో వాళ్లు ఆగి చూసే అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968 మధ్య రాళ్లు కోసి, దాదాపు 65 మీటర్లు పైకి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. నాగార్జునకొండ చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఇంచుమించు అదే కాలంలో సాగర్ నీళ్లు వస్తున్నాయని ఇక్ష్వాకుల నాటి కట్టడాలను తవ్వి కొండ మీదికీ అనుపుకీ చేర్చలేదూ? కృష్ణ ఒడ్డున మనం పోగొట్టుకున్నదేమిటో తెలుసు కాబట్టి, వాడీ హల్ఫా పేరు చదివినప్పుడు నాకు కాస్త బెంగగా ఉంటుంది.

చెవిలో కబుర్లు చెప్పే మనిషి కావాలంటే: నర్సు లెదరన్

"మర్డర్ ఇన్ మెసపొటేమియా" (1936) గురించి ఎవరూ అడగరు. నేను అందరికీ అంటగడుతుంటాను. ఇరాక్‌లో పురాతత్వ తవ్వకాలు జరిగే చోట, తవ్వకాల నాయకుడి భార్య లూయీస్‌కి భయం పట్టుకుంటుంది. బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయంటుంది, కిటికీ బయట ముఖాలు కనిపిస్తున్నాయంటుంది. ఆమెని కనిపెట్టుకుని ఉండటానికి ఏమీ లెదరన్ అనే ఇంగ్లిష్ నర్సుని పెడతారు. కథ ఆమె చెప్తుంది.

గొంతంటే ఇదీ. వీధి అరుగు మీద కూర్చుని, "నాకెందుకులే గానీ" అంటూనే అందరి గుట్టూ విప్పే పిన్ని గారు కళ్లముందు కనిపిస్తుంది. ప్వారోని మొదటిసారి చూసినప్పుడు ఈయన డిటెక్టివా అని ఆమెకి నవ్వొస్తుంది. తర్వాత మెల్లగా ఆయన చేతికింద పనిమనిషిలా కాదు, ఆపరేషన్ థియేటర్లో సర్జన్ పక్కన నర్సులా కుదురుకుంటుంది. అడిగింది అందిస్తుంది, అడగనిది గమనిస్తుంది. హేస్టింగ్స్ చూసి అర్థం చేసుకోలేనివి ఈమె చూసి చెప్పేస్తుంది, కాకపోతే తను చెప్పినదాంట్లో ఏది ముఖ్యమో ఆమెకి తెలియదు. ఆ తేడా రాయడం చాలా కష్టం, క్రిస్టీ అలవోకగా రాసింది.

తవ్వకాల వాతావరణం ఊహించి రాసింది కాదు. క్రిస్టీ 1930లో పురాతత్వవేత్త మాక్స్ మాలవాన్‌ని పెళ్లి చేసుకుంది. ఏటా ఇరాక్, సిరియా తవ్వకాలకి ఆయనతో వెళ్లి కుండపెంకులు అతికించేది, ఫోటోలు తీసేది. తర్వాతి రోజుల్లో నిమ్రూద్‌లో దొరికిన దంతపు బొమ్మల మట్టి వదిలించడానికి తన ముఖానికి రాసుకునే క్రీమే వాడిందట. లూయీస్ పాత్రకి ఉర్ తవ్వకాల అధిపతి లియొనార్డ్ వూలీ భార్య కాథరిన్ మూలమని అందరూ చెప్పుకునేదే.

రెండు హెచ్చరికలు. ముగింపులో ఒక విషయం నమ్మశక్యంగా ఉండదు. హత్య ఎలా జరిగిందన్నది కాదు, ఇంకోటి. చదివాక "ఇదెలా కుదురుతుంది?" అని మీరే అంటారు. ఇక నర్సుకి ఆ దేశం మనుషుల మీద, తిండి మీద ఉన్న చులకన అక్కడక్కడా చిరాకు పెడుతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ వాళ్ల పుస్తకాలన్నిట్లోనూ ఆ జబ్బు కొంత ఉంది, ఇందులో ఇంకాస్త పైకి కనిపిస్తుంది.

క్రమం పట్టింపు ఉన్నవాళ్లకి ఒక ముక్క. పుస్తకంగా రెండేళ్లు వెనక వచ్చినా, కథ ప్రకారం ఇది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కంటే ముందు జరిగింది. ప్వారో ఇక్కడి నుంచి సిరియా వెళ్లి, అక్కణ్ణుంచి రైలెక్కి ఇంకో హత్యలో ఇరుక్కున్నాడని నర్సే చివర్లో చెప్తుంది.

మిగిలినవి గబగబా

"ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్" (1928): లండన్ నుంచి ఫ్రాన్స్ దక్షిణ తీరానికి వెళ్లే ఖరీదైన రైలు, అమెరికన్ కోటీశ్వరుడి కూతురు, పేరుమోసిన కెంపు. తోడు కాథరిన్ గ్రే. ఈమె ఉద్యోగమే తోడుగా ఉండటం. ముసలావిడ దగ్గర ఏళ్ల తరబడి చేసి, ఆవిడ పోయాక ఆస్తి దక్కి మొదటిసారి ప్రయాణం కడుతుంది. రైల్లో డిటెక్టివ్ నవల చదువుతుంటే ప్వారో చూసి, ఈ కేసు మనిద్దరి నవల అంటాడు. ఆ మాట బాగుంది గానీ పుస్తకం దాన్ని నిలబెట్టుకోలేదు. రాసినావిడకే అది నచ్చలేదు. మొదటి పెళ్లి విరిగిపోయిన రోజుల్లో, డబ్బు కోసం పట్టుబట్టి పూర్తి చేసింది, ఆ సంగతి దాచుకోలేదు కూడా. కాథరిన్ కోసం ఎప్పుడైనా చదవండి.

"అపాయింట్‌మెంట్ విత్ డెత్" (1938): నేను పక్కన పడేసింది ఇదే. జెరూసలెం హోటల్ కిటికీలోంచి ఎవరో "ఆవిణ్ణి చంపాల్సిందే కదా" అనుకోవడం ప్వారో చెవిన పడుతుంది. ఇంత గొప్ప మొదలు ఇంకే పుస్తకానికీ లేదు. ఆ తర్వాత సగం దాకా ప్వారో దాదాపు కనిపించడు. పిల్లల్ని పెద్దయ్యాక కూడా గుప్పిట్లో పెట్టుకున్న ఒక భయంకరమైన తల్లి కథ నడుస్తుంది. పెట్రాలో చావు జరిగాక, అమ్మాన్‌లో అక్కడి అధికారి కల్నల్ కార్బరీ అడిగితే ప్వారో 24 గంటల్లో నిజం తేలుస్తానంటాడు. కార్బరీ మంచివాడే, పక్కవాద్యం మాత్రం వాయించడు. రెండోసారి చదివినప్పుడు నాకు నచ్చింది, ఎందుకంటే అప్పటికి ప్వారో కోసం ఎదురుచూడటం మానేసి ఆ కుటుంబాన్ని చూశాను. ఉమ్మడి కుటుంబాల గొడవలు తెలిసినవాళ్లు ఆ తల్లిని వెంటనే గుర్తుపడతారు.

ప్వారో ఎందుకు, షెర్లాక్ హోమ్స్ వద్దా అంటారేమో. హోమ్స్, వాట్సన్ కలిసి విదేశం వెళ్లిన కథ అంటే అందరూ చెప్పేది 1893 నాటి "ది ఫైనల్ ప్రాబ్లమ్", స్విట్జర్లాండ్ రైఖెన్‌బాఖ్ జలపాతం. చదవాల్సిందే, కానీ అందులో పరిశోధన లేదు, పారిపోవడం ఉంది. దానికన్నా 1911లో వచ్చిన "లేడీ ఫ్రాన్సెస్ కార్ఫాక్స్" కథ ఈ లెక్కలో సరిగ్గా సరిపోతుంది. హోమ్స్ తనకి తీరిక లేదని వాట్సన్‌ని ఒక్కణ్ణే స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పంపిస్తాడు. వాట్సన్ ఊరూరా తిరిగి, శ్రద్ధగా, పద్ధతిగా, పనంతా చెడగొడతాడు. హోమ్స్ మారువేషంలో వచ్చి ఆ మాటే అంటాడు.

తెర మీద చూస్తారా?

సినిమాలు తోడు మనుషుల్ని ఏం చేశాయో చూస్తే వాటి గుణం తెలిసిపోతుంది. 1974 ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో (ఆల్బర్ట్ ఫిన్నీ) బూక్‌కి బియాంకీ అని పేరు మార్చారు గానీ మనిషిని ఉంచారు, ఎవరొచ్చినా "వీడే" అనే అలవాటుతో సహా. 2017లో కెన్నెత్ బ్రానా తీసినదాంట్లో బూక్ కుర్రాడైపోయాడు, గ్రీకు డాక్టర్‌ని తీసేసి ఆ వైద్యం ప్రయాణికుల్లో ఒకడైన ఆర్బత్‌నాట్ (పుస్తకంలో కల్నల్) పాత్రలో కలిపేశారు. దాంతో మూడో కుర్చీ పోయింది. మంచు బాగుంది, పోరాటాలు బాగున్నాయి, కూర్చుని ఆలోచించేది తగ్గింది.

నైల్‌కి 1978 సినిమా. పీటర్ ఉస్తినోవ్ ప్వారో, డేవిడ్ నివెన్ కల్నల్ రేస్. ఈజిప్ట్‌లోనే తీశారు. ఉస్తినోవ్ పుస్తకంలోని ప్వారోలా అస్సలు ఉండడు, పెద్ద శరీరం, కానీ వాళ్లిద్దరూ కలిసి ఉన్న ప్రతి సీనూ హాయిగా ఉంటుంది. 2022 దాంట్లో రేస్‌నే తీసేసి, బూక్‌ని ఆ ఓడలోకి తెచ్చారు.

డేవిడ్ సుషే టీవీ సిరీస్ 1989 నుంచి 2013 దాకా 70 భాగాలు వచ్చింది. ప్వారో అంటే ఆయనే అని నా అభిప్రాయం, ఇందులో వాదనకి రాను. వాటిలో "లింక్స్" హాయిగా చూడొచ్చు, హేస్టింగ్స్‌గా హ్యూ ఫ్రేజర్ ఉన్నాడు. మెసపొటేమియా మాత్రం పుస్తకం చదవకుండా చూడకండి. అందులో లేని హేస్టింగ్స్‌ని తెచ్చిపెట్టి నర్సు గొంతు నొక్కేశారు. "అపాయింట్‌మెంట్ విత్ డెత్" అయితే పేరు ఒక్కటే పుస్తకానిది.

ఉచితంగా దొరుకుతాయా అని కొందరు అడుగుతారు. అమెరికాలో 1923, 1924, 1928 నాటి పుస్తకాలకి కాపీరైట్ గడువు అయిపోయింది కాబట్టి లింక్స్, ఈజిప్షియన్ టూమ్, బ్లూ ట్రెయిన్ అక్కడి సైట్లలో కనిపిస్తాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు. క్రిస్టీ 1976లో పోయింది. అంటే ఇండియాలో 2036 చివరిదాకా కొనుక్కునో, లైబ్రరీలోనో చదవాల్సిందే. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆ బాధ లేదు.

నేనైతే ఈ వరసలో ఇస్తాను: ముందు ఈజిప్షియన్ టూమ్, ప్వారో అంటే ఏమిటో తెలియడానికి. తర్వాత మెసపొటేమియా, వెంటనే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. కాస్త విరామం ఇచ్చి నైల్, సెలవులు ఉన్నప్పుడు. హేస్టింగ్స్ మీద బెంగ పుడితే లింక్స్. ఇంగ్లిష్ ఎలా ఉంటుందో అన్న భయం అక్కర్లేదు, వాక్యాలు చిన్నవి, సగం పుస్తకం సంభాషణలే. ఫ్రెంచ్ మాటలు వస్తే దాటేయండి, నేను ఇప్పటికీ దాటేస్తాను.

ఒక్కటి మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. షాపులో ఈ పుస్తకాల పక్కనే "కర్టెన్" అని సన్నటిది కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి దాచిపెట్టి, 1975లో బయటికి తెచ్చిన ఆఖరి ప్వారో కేసు. విదేశం కాదు, ఇద్దరూ మొదట కేసు పట్టిన ఇంగ్లండ్ ఇంట్లోనే. అందులో ప్వారో పక్కన ఉన్నది మళ్లీ హేస్టింగ్సే.